శస్త్రచికిత్సకు ముందు చెప్పవలసిన మాట

2019 సెప్టెంబరు 5వ తేదీన గుంటూరు నగరములోని ఒక ప్రసూతి వైద్యశాలయందు, డెబ్బదియేండ్లు దాటిన ఒక వృద్ధురాలు శస్త్రచికిత్స ద్వారా ఇద్దరాడబిడ్డలను కన్న వార్త దేశదేశాల పత్రికలకెక్కినది. తూర్పు గోదావరి జిల్లానుండి వచ్చిన ఆ దంపతులు పెండ్లియైన ఏబదియేండ్లకు పైగా సంతానము కొరకు పరితపించినవారు. అన్యస్త్రీ అండమును భర్త వీర్యముతో ప్రయోగశాలలో ఫలింపజేసి, ఆ పిండమును ఆమె గర్భాశయమున నిలిపిరి. అంతటి వయస్సున గర్భధారణ చేయించుట ధర్మమా యని వైద్యలోకము అప్పట్లో తీవ్రముగా వాదించుకొన్నది. రెండేండ్ల తరువాత, 2021లో, పార్లమెంటు చేసిన సహాయ పునరుత్పత్తి చట్టము ఇటువంటి చికిత్సలకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏండ్లను మేరగా నిర్ణయించినది. ఆ వివాదము ఇప్పుడు నాకు ప్రస్తుతము కాదు. ఆ వార్త మన మిరపచేలకు, పత్తిచేలకు చేరి, అక్కడి స్త్రీల మనస్సులలో ఎటువంటి ఆశగా మారినదో దానిని గూర్చి వ్రాయుటకే ఈ వ్యాసమును తలపెట్టితిని.

చిలకలూరిపేట నుండి పర్చూరు పోవు దారిలో, రెండవ కోత సాగుచున్న ఒక మిరపచేని గట్టున, మధ్యాహ్నపు అన్నముల వేళ ఒకామె నన్నడిగినది: "ఆ ముసలమ్మకే పుట్టినప్పుడు నాకెందుకు పుట్టదమ్మా? నాకింకా ముప్పై నాలుగే గదా." ఆమె చేతివ్రేళ్ళు కాయ ఘాటుకు ఎఱ్ఱబారి యుండుటచే గిన్నెలోని అన్నమును చెంచాతో తినుచున్నది. ఇరువదియారవ యేట ఆమె గర్భసంచి తీసివేసిరి. పోయిన సంవత్సరము మోటారు సైకిలు ప్రమాదములో కొడుకు పోయినాడు. పదవ తరగతి చదువుచున్న కూతురు మాత్రము మిగిలియున్నది. "సంచి తీసేటప్పుడు ఇంక పిల్లలు పుట్టరని మీకెవరూ చెప్పలేదా?" అనగా, "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అంతకు ముందే అయిందిగా అమ్మా, ఇంక దాని సంగతి ఎవరెత్తారు? సంచికి వాపుంది, ఉంచితే క్యాన్సరవుద్దన్నారు, తీసేశారు" అని బదులు చెప్పినది. ప్రక్కన కూర్చున్నవారిలో మరి ఇద్దరు, "మాకూ అంతే" అని తలలూపిరి.

ఆమె ప్రశ్నకు సమాధానము కఠినమైనదే కాని, దానిని దాచుట అంతకంటె కఠినము. గుంటూరులో ప్రసవించిన ఆ వృద్ధురాలి అండాశయములు ఎన్నడో విశ్రమించినవి గాని ఆమె గర్భాశయము ఆమె దేహమందే యున్నది. దానిని మందులతో సిద్ధపరచి, పరాయి అండముతో ఏర్పడిన పిండమును అందులో నిలుపుటకు వీలైనది. మిరపచేనిలో నన్నడిగిన యువతి స్థితి దీనికి సరిగా తలక్రిందులు. ఆమె అండాశయములు నేటికిని సజీవముగా నుండవచ్చును, నెలనెలా అండమును విడుదల చేయుచుండనూ వచ్చును. కాని ఆ అండము ఫలించినను పిండము అంటుకొని, తొమ్మిది నెలలు పెరుగుటకు తగిన చోటు ఆమె దేహమున లేదు. గర్భాశయమును పూర్తిగా తొలగించిన స్త్రీ తన కడుపున బిడ్డను మోసి సుఖముగా కనుట యనునది, మరియొక స్త్రీ గర్భాశయమును ఆమెకు అమర్చిన సందర్భమున తప్ప, ఆశింపదగినది కాదు.

అయినను గర్భము నిలుచుట వేరు, గర్భము వచ్చుట వేరు. గర్భసంచి తీసిన పిదప కూడ, అత్యంత అరుదుగా, పిండము ఏర్పడి ఉండరాని చోట అంటుకొనును. దీనిని 1895లో వెండెలర్ అను జర్మను వైద్యుడు మొదటిసారి గ్రంథస్థము చేసెను. అప్పటినుండి 2014 నాటికి ప్రపంచ వైద్య పత్రికలకెక్కినవి డెబ్బదికి పైచిలుకు మాత్రమే. కోట్లకొలది శస్త్రచికిత్సలలో ఇది లెక్కకు రానంత స్వల్పము. కాని అరుదైనదగుటయే దాని ప్రమాదమునకు మూలము, ఏలయన దానిని ఎవరును అనుమానింపరు.

అది సంభవించు తీరులు రెండు. మొదటిది, శస్త్రచికిత్స నాటికే ఆమె గర్భవతి యగుట. ఫలించిన అండము కొన్ని దినములు నాళములోనే ప్రయాణము చేయుచుండును. ఆ దినములలో మూత్రపరీక్ష చేసినను ఏమియు కనబడదు, స్కానింగులో అసలే కనబడదు. సరిగా అప్పుడే గర్భాశయమును తీసివేసినచో, పిండము చేరవలసిన ఇల్లు లేక నాళమునందే నాటుకొనును. కావుననే మంచి వైద్యులు ఈ చికిత్సను బహిష్టు ముగిసిన కొలది దినములలో చేయుదురు, లేదా ఆ నెలలో గర్భనిరోధక సాధనమేదైనను వాడుచున్నదో లేదో ముందే విచారించుకొందురు. రెండవది, నెలలో, ఏండ్లో గడచిన పిమ్మట వచ్చునది. యోని పైభాగమున కుట్టు వేసిన చోట గాయము సరిగా మానక సన్నని రంధ్రము మిగులుటయో, నాళపు కొస ఆ కుట్టులోనికి జారి అతుకుకొనుటయో, గర్భాశయ ముఖమును ఉంచి పైభాగమును మాత్రమే తీసిన సందర్భమున ఆ ముఖద్వారము తెరచియుండుటయో జరిగినచో, వీర్యకణములు ఉదరకుహరములోనికి పోవుటకు దారి దొరకును. అండాశయము నెలనెలా తన పని తాను చేయుచునే యుండును గదా. ఆ రెండును కలిసి పిండమై నాళమునందో, అండాశయముపైనో, ప్రేగుల నడుమనో నాటుకొనును.

అటువంటి పిండమును కాపాడి బిడ్డగా చేతికందుకొందుమను ఆశ వలదు. నాళము పిగిలినచో కడుపులో రక్తము ధారగా స్రవించి కొద్ది గంటలలో ప్రాణాపాయము కలుగును. సాధారణ స్త్రీకి నెల తప్పుట మొదటి హెచ్చరిక; గర్భసంచి లేని స్త్రీకి నెలయే లేదు కనుక ఆ హెచ్చరికయు లేదు. పొత్తికడుపున ఒక వైపు విపరీతమైన నొప్పి, కండ్లు బైర్లు కమ్మి పడిపోవుట, భుజము కొసన నొప్పి, ఒక్కొక్కప్పుడు కొద్దిగా రక్తపు చార, వీనితో ఆమె ఆసుపత్రికి వచ్చినప్పుడు, "సంచి తీసేశారు" అను ఒక్క మాట వినగనే గర్భమను ఆలోచన వైద్యుని మనస్సునుండి తొలగిపోవును. ఇరువదినాలుగు గంటల కడుపునొప్పియనియో, మూత్రపిండములో రాయియనియో చికిత్స మొదలుపెట్టుదురు. అండాశయములు మిగిలియున్న, నలుబది అయిదేండ్లు దాటని ఏ స్త్రీ యైనను ఇటువంటి నొప్పితో వచ్చినచో, గర్భసంచి ఉన్నను లేకున్నను, కొద్ది రూపాయల మూత్రపరీక్ష చేయుట వైద్యునికి భారము కాదు. ముందుగా పసిగట్టినచో మందుతోనే కరగించవచ్చును; ఆలస్యమైనచో ఉదరమును తెరచుట తప్పదు. గర్భాశయమును తొలగించునప్పుడే నాళములను కూడ తీసివేయు పద్ధతి ఇటీవల వ్యాపించినందువలన ఈ అపాయము మరింత తగ్గుచున్నది.

ఇక్కడ మన జిల్లాల స్త్రీలకు ఒక ధైర్యమును, ఒక హెచ్చరికను కలిపి చెప్పవలెను. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు అత్యధికులు. పిల్లలు పుట్టకుండ నాళములను కట్టిన తరువాతనే గర్భసంచిని తీసిన సందర్భములు మన గ్రామములలో మెండు. అట్టివారికి పైన చెప్పిన ప్రమాదము మరింత దూరము. కాని నాళములను మాత్రమే కట్టించుకొని గర్భసంచి ఉన్న స్త్రీలు తమకిక గర్భమే రాదని నిశ్చింతగా ఉండరాదు. అమెరికాలో జరిగి 1996లో వెలువడిన పెద్ద పరిశోధన ప్రకారము, నాళములు మూయించుకొన్న వేయిమందిలో పదేండ్లలో పదునెనమండుగురికి పైగా గర్భము వచ్చినది. అందులో మూడవవంతు గర్భాశయము వెలుపలిదే.

ఈ రెండు శస్త్రచికిత్సలను మన పల్లెలలో ఒకే మాటతో "ఆపరేషన్" అనుచుందురు. బిడ్డను కోల్పోయిన తల్లి తిరిగి సంతానము కోరినచో, కట్టిన నాళములను మరల కలుపుట సాధ్యము; అన్ని వేళల ఫలింపకపోయినను ప్రయత్నమునకు చోటున్నది, లేదా ప్రయోగశాలలో ఫలింపజేసిన పిండమును ఆమె గర్భాశయములోనే నిలుపవచ్చును. గర్భసంచిని తీసినచో ఆ రెండు దారులును మూసికొనిపోవును. నాళములు కట్టించుకొన్న స్త్రీకి "నీకెటూ పిల్లలు వద్దుగా, ఇక ఈ సంచి ఎందుకు?" అని చెప్పుట మన జిల్లాలలో పరిపాటియై పోయినది. ఆ మాట నోట వచ్చునంత తేలికగా తీసివేయదగిన అవయవము కాదది.

2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే మొదటిసారి ఈ విషయమును దేశమంతట ప్రశ్నించినది. పదునైదు నుండి నలుబదితొమ్మిదేండ్ల లోపు స్త్రీలలో దేశము మొత్తముమీద నూటికి ముగ్గురికి గర్భాశయము తొలగింపబడియుండగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది ఉండిరి. దేశమున ఈ శస్త్రచికిత్సలలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలోనే జరిగినవి. 2019-21 సర్వేలో కూడ మన స్థానము మారలేదు. తెలుగు స్త్రీల గర్భాశయములు ఇతర రాష్ట్రాల స్త్రీల గర్భాశయములకంటె మూడు రెట్లు రోగపీడితములని ఏ శాస్త్రమును చెప్పజాలదు.

కారణము దేహమునందు కాక బ్రతుకునందున్నది. అక్టోబరు నుండి పత్తితీత, జనవరి నుండి మిరపకోతలు. తెల్లవారకముందే ఆటోలో ఎనమండుగురు కూర్చోవలసిన చోట పదునైదుగురు ఎక్కి, ముప్పది నలుబది కిలోమీటర్లు పోయి, సాయంకాలము దాక నడుము వంచి పనిచేయవలెను. కాటాకు కోసిన కాయ తూకమునుబట్టి కూలి గనుక, ఒక పూట నడుము వాల్చిన ఆ పూట కూలి పోవును. చేనిలో మరుగు లేదు, నీరు లేదు, బట్ట మార్చుకొనుటకు చాటు లేదు. దప్పికయైనను నీళ్ళు త్రాగక ఉగ్గబట్టుకొనుట అలవాటు చేసికొందురు. అధిక రక్తస్రావము, తెల్లబట్ట, నడుమునొప్పి అను మూడు బాధలు చేరినప్పుడు, ఊరి ఆర్ఎంపీ చూపిన దారిన పట్టణమునకు పోవుట, స్కానింగులో "వాపు" అనుట, క్యాన్సరు పేరు చెప్పి భయపెట్టుట, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుట, ఇవన్నియు వారము తిరుగకముందే జరిగిపోవును. ఆ పంపినవానికి అందులో వాటా ముట్టుట బహిరంగ రహస్యము. స్త్రీయు, ఆమె అత్తయు, భర్తయు అందరును ఒక్క సౌకర్యమునే చూతురు: నెలకు నాలుగైదు దినముల కూలి పోదు, నెలనెలా బాధ తప్పును. ఆ లెక్క వేసికొన్న స్త్రీని నేను తప్పుపట్టను. ఆ లెక్కలో సగము అంకెలను ఆమెకు చెప్పక దాచినవారిని తప్పుపట్టుదును.

ఉమ్మడి రాష్ట్రములో 2007లో ప్రారంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకము పేదల ప్రాణములు నిలిపిన మంచి పథకమే. కాని గర్భసంచి శస్త్రచికిత్స అందులో చేరిన తరువాత, బీమా సొమ్ము కొరకు అవసరము లేనిచోట కూడ కత్తి పట్టిరను విమర్శలు బలపడినవి; తుదకు ఆ చికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితము చేయవలసి వచ్చినది. అదే కాలమున లైఫ్-హెచ్ఆర్‌జీ సంస్థకు చెందిన డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా గ్రామములలో ఇంటింట విచారించి, ముప్పదియేండ్లు కూడ నిండని స్త్రీలకు అవసరము లేకనే గర్భసంచులు తీయబడుచున్న స్థితిని లోకమునకు చూపిరి.

తెల్లబట్టకు చాలవరకు మందులతో నయమగును. అధిక రక్తస్రావమునకు మాత్రలున్నవి. గర్భాశయములో అమర్చి, అయిదేండ్లకు పైగా రక్తస్రావమును తగ్గించు హార్మోను లూపు ఉన్నది. గడ్డలున్నచో గడ్డలను మాత్రమే తీసి సంచిని నిలుపు శస్త్రచికిత్స ఉన్నది. క్యాన్సరు భయమా? గర్భాశయ ముఖమును పరీక్షించుటకు చవకైన సాధనములు ప్రభుత్వ ఆసుపత్రులలోనే లభించును. వాపు క్యాన్సరు కాదు. క్యాన్సరు నిర్ధారణయైనచో, ప్రసవానంతరము ఆగని రక్తస్రావమున తల్లి ప్రాణము పోవు స్థితి వచ్చినచో, గర్భాశయమును తీయుట ప్రాణదానమే. ఆ శస్త్రచికిత్సను నేను నిందింపను. ఇరువది ముప్పదియేండ్ల ప్రాయమున, సంచితో పాటు అండాశయములను కూడ తీసివేసినచో, మరునాటినుండియే ముట్లుడిగిన వార్ధక్యము ఆమెను ఆవరించును; ఎముకలు గుల్లబారును, గుండెజబ్బు ముందుకు వచ్చును. అండాశయములను ఉంచినను అవి సహజముగా అలసిపోవలసిన కాలముకంటె కొన్నేండ్లు ముందే అలసిపోవుట కలదు. నలుబదియేండ్లకే మెట్లెక్కలేక, బిందె ఎత్తలేక కూర్చున్న కూలి స్త్రీలు మన ఊళ్ళలో ఎందరో.

గర్భాశయము పోయిన స్త్రీకి మిగిలిన దారులేవి? అద్దెగర్భము, అనగా మరియొక స్త్రీ ఆమె బిడ్డను మోసి కనుట, ఒకటి. 2022 జనవరి నుండి అమలులోనున్న సరోగసీ చట్టము గర్భాశయము లేని స్త్రీకి ఈ అవకాశము నిచ్చుచున్నది. అయితే మోయు స్త్రీకి సొమ్మిచ్చి కొనుట నేరము. ఆమె వివాహితయై, స్వంత బిడ్డ కలిగి, 25 నుండి 35 ఏండ్ల లోపు ఉండవలెను. జీవితమున ఒక్కసారి మాత్రమే మోయవలెను. కోరు దంపతులకు ఆరోగ్యవంతమైన బిడ్డ ఒక్కరున్నను చట్టమొప్పదు. కొడుకు పోయి కూతురు మిగిలియున్న ఆ మిరపచేని తల్లికి ఈ తలుపు మూసియే యున్నది. చట్టమును తప్పించుకొని చూపు దారులెంత భయంకరములో 2025 జూలైలో సికింద్రాబాదున వెలుగుచూచిన వ్యవహారము చాటినది: అద్దెగర్భమున పుట్టిన మీ బిడ్డయేయని లక్షలు పుచ్చుకొని ఒక దంపతుల చేతికిచ్చిన శిశువు, డీఎన్ఏ పరీక్షలో వారికేమియు కానట్లు తేలినదని పోలీసులు కేసు పెట్టిరి.

గర్భాశయ మార్పిడి రెండవ దారి. 2000లో సౌదీ అరేబియాలో అమర్చిన గర్భాశయమును మూడు నెలలకే తీసివేయవలసి వచ్చెను. 2014లో స్వీడనునందు మాట్స్ బ్రెన్‌స్ట్రోమ్ బృందము అమర్చిన గర్భాశయమునుండి లోకమున తొలి శిశువు జన్మించెను. మన దేశములో పుణె నగరపు గెలాక్సీ కేర్ ఆసుపత్రిలో డాక్టర్ శైలేష్ పుణ్తాంబేకర్ 2017లో తల్లి గర్భాశయమును కూతురికి అమర్చగా, 2018 అక్టోబరులో బిడ్డ పుట్టెను. అద్భుతమే. కాని ఆ అవయవమును దేహము త్రోసివేయకుండ రోగనిరోధక శక్తిని అణచు మందులను నిత్యము మ్రింగవలెను. పిండమును ప్రయోగశాలలోనే తయారు చేయవలెను. కాన్పు శస్త్రచికిత్సతోనే జరుగవలెను. ఒకటి రెండు కాన్పుల పిమ్మట ఆ గర్భాశయమును మరల తీసివేయవలెను. దాతకు ఒకటి, గ్రహీతకు కనీసము మూడు పెద్ద శస్త్రచికిత్సలు. కూలి చేసి బ్రతుకు స్త్రీకి ఇది దారి కాదు. ఆమెకు అందుబాటులోనున్నది దత్తత. దానికి ప్రభుత్వపు కారా వ్యవస్థయందు పేరు నమోదు చేసికొనవలెను, కొన్నేండ్లు వేచియుండవలెను.

కత్తి పెట్టకముందే ఈ విషయములన్నియు స్త్రీకి తెలియవలెను. గుంటూరు నగరమునకు ఈ విషయమున ఒక పూర్వపుణ్యము కలదు. 1883లో అమెరికా నుండి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడనే స్త్రీల కొరకు ఆసుపత్రిని నెలకొల్పి, 1930లో ఈ నగరముననే కన్నుమూసెను. పురుష వైద్యుని యెదుట నోరువిప్పని స్త్రీల మాటను ఓర్పుతో వినుటయే ఆనాటి వైద్యమునకు పునాది. నేడు ఒక్క స్కానింగు కాగితము ఆ వినికిడి స్థానమును ఆక్రమించినది.

డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పుచు, అనవసర గర్భాశయ తొలగింపులను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకములను మూడు నెలలలో అమలు చేయవలెనని రాష్ట్రములను ఆదేశించినది. వాని ప్రకారము జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో పర్యవేక్షక సంఘములుండవలెను. నలుబదియేండ్లలోపు స్త్రీలకు జరుగు శస్త్రచికిత్సలపై ప్రత్యేక దృష్టి యుండవలెను. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల కలెక్టర్లను నేను కోరునది ఇంతే: మీ జిల్లా సంఘము కూడినప్పుడెల్ల, ఏ ఆసుపత్రిలో, ఏ వయస్సు స్త్రీలకు, ఏ కారణముచే ఎన్ని గర్భసంచులు తీసిరో ఆ పట్టికను పత్రికలకు ఇండు. నలుబది లోపు స్త్రీకి గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనో, ఒంగోలు రిమ్స్‌లోనో రెండవ వైద్యుని అభిప్రాయము ఉచితముగా దొరకునట్లు వారమునకొక దినమైనను కేటాయింపుడు. సంతకము పెట్టించుకొను కాగితము తెలుగులో, పెద్ద అక్షరములలో ఉండవలెను. "ఇక మీ కడుపున బిడ్డ నిలువదు, ఉన్న బిడ్డకేమైనను మరల కనుటకు వీలుండదు, అండాశయములను ఉంచుచున్నాము, లేదా తీయుచున్నాము, తరువాత పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినచో గర్భపరీక్ష కూడ చేయించుకొనుడు" అను వాక్యములు అందులో ఉండవలెను. చదువురానివారికి ఆ మాటలను ఆశా కార్యకర్త, లేదా ఏఎన్ఎం, భర్తయు అత్తయు లేని చోట ఒంటరిగా కూర్చుండబెట్టి చదివి వినిపించవలెను. అది జరిగిన ఒక దినము తరువాతనే సంతకము తీసికొనవలెను. మిరపకోతలు ముగిసి, చేతిలో నాలుగు డబ్బులాడు ఏప్రిల్, మే నెలలలోనే మన ప్రాంతపు స్త్రీలు ఈ శస్త్రచికిత్సలకు ఆసుపత్రుల మెట్లెక్కుదురు. కనుక కాగితమును ఆ లోపుననే అచ్చొత్తించి పల్లెలకు పంపవలెను.